ఫేక్ కాల్స్, స్పామ్ మెయిల్స్: డీఎన్‌డీ, స్పామ్ యాప్, చక్షు, 1930... ఎవరికి ఏది, ఎప్పుడు?

టెన్త్ రిజల్ట్స్ వచ్చాయంటే విజయవాడలో ఆ వయసు పిల్లలున్న ఇంట్లో ఫోన్‌కి విశ్రాంతి ఉండదు. కాలేజీ పీఆర్వోలు ఒకరి వెనక ఒకరు చేస్తూనే ఉంటారు. ఆ గోల సద్దుమణిగేలోపు అమరావతిలో ప్లాట్లంటారు, ఆనక పర్సనల్ లోన్ అంటారు, క్రెడిట్ కార్డంటారు. వీటి మధ్యలో ఎప్పుడో ఒకటి వస్తుంది: "కరెంటు ఆఫీసు నుంచండీ, ఈ రాత్రికి మీ లైన్ కట్ అవుతుంది." మనవాళ్లు అన్నిటినీ కలిపి ఫేక్ కాల్స్ అనేసి, ఎవరో చెప్పిన యాప్ ఒకటి వేసుకుని, ఇక టెన్షన్ లేదనుకుంటారు.

కాలేజీ పీఆర్వో మోసగాడు కాదు. విసిగిస్తాడు, అంతే. కరెంటు ఆఫీసు పేరు చెప్పేవాడు మాత్రం ఎంతో మర్యాదగా మాట్లాడి ఖాతా ఊడ్చేస్తాడు. మొదటివాణ్ని ఆపడానికి పనికొచ్చేది రెండోవాడి దగ్గర పనిచేయదు. అందుకే ఏది మంచి యాప్ అని అడిగేవాళ్లకి నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: మీ బాధ విసుగా, భయమా, లేక డబ్బు ఇప్పటికే పోయిందా? మూడింటికీ మూడు దారులున్నాయి.

విసుగు మాత్రమే అయితే

ఇక్కడ నాలుగు దారులున్నాయి: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్, అంటే ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకోవడం), కాల్ చేసేవాళ్ల పేరు చూపించే ట్రూకాలర్ లాంటి యాప్, మీ నెట్‌వర్క్ వాళ్లే వేసే స్పామ్ ముద్ర, ఫోన్‌లో ముందే ఉన్న ఫిల్టర్.

డీఎన్‌డీ పెట్టుకోవడం రెండు నిమిషాల పని. 1909కి ఫోన్ చేసి చెప్పొచ్చు. లేదా ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, సున్నా పెట్టి అదే నంబరుకి మెసేజ్ పంపొచ్చు. సున్నా అంటే ప్రచార కాల్స్ అన్నీ బంద్. రియల్ ఎస్టేట్ వద్దు, చదువుల కాల్స్ మాత్రం రానివ్వండి అని విడివిడిగా కూడా ఎంచుకోవచ్చు గానీ, నా ఓటు మొత్తం బంద్ చేయడానికే. బ్యాంకు ఓటీపీలు, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు ఎలాగూ ఆగవు. ఆగిపోతాయేమోనని భయపడి చాలామంది డీఎన్‌డీ జోలికే పోరు.

దీనికో లోటుంది. పద్ధతిగా రిజిస్టర్ చేసుకుని కాల్ చేసే కంపెనీలే డీఎన్‌డీని లెక్కచేస్తాయి. మామూలు పదంకెల నంబరు నుంచి ప్లాట్లమ్మే కుర్రాడికి అది పట్టదు. అతని మీద ఫిర్యాదే చేయాలి. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధనలు మార్చాక ఇది మునుపటికన్నా సులువైంది. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు, ఇంతకుముందు మూడు రోజులే ఉండేది. పది రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేస్తే ఆ నంబరు మీద చర్య మొదలవుతుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లకి ఒకే వెంచర్ కాల్ వచ్చిందనుకోండి, వాట్సాప్ గ్రూపులో తిట్టుకునే బదులు అందులో ఐదుగురు ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు పెడితే పని జరుగుతుంది.

ట్రూకాలర్ బలం జనం. వేరేవాళ్లు స్పామ్ అని గుర్తుపెట్టిన నంబరు మనకి ఎర్రగా కనిపిస్తుంది. బలహీనత కూడా అదే. నిన్న తీసుకున్న సిమ్‌తో ఇవాళ చేసే కేటుగాడి నంబరు ఇంకా ఎవరి లిస్టులోనూ ఉండదు. పైగా తన పేరు ముందు ఏదో బ్యాంకు పేరు తగిలించుకుంటే అదే కనిపిస్తుంది. తెరమీద పేరు వచ్చింది కదా అని నమ్మేవాళ్లకి ఈ యాప్ లేకపోవడమే నయం. కాల్స్, కాంటాక్టుల అనుమతులు అడుగుతుంది, ఫ్రీ వెర్షన్‌లో ప్రకటనలుంటాయి. ఆర్డర్ల కోసం రోజంతా కొత్త నంబర్లు ఎత్తాల్సిన ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపువాళ్లకి మాత్రం ఉపయోగమే, ఏది ఎత్తాలో ఏది వదలాలో కాస్త తెలుస్తుంది. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకి అవసరం లేదు.

ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబరు నుంచి అనుమానం ఉన్న కాల్ మోగేటప్పుడే స్పామ్ అని చూపిస్తోంది. ఏ యాప్ వేయక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ డయలర్‌లో కాలర్ ఐడీ అండ్ స్పామ్ అనే సెట్టింగ్ ఉంది, అదీ ఉచితమే. ఈ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకుని, డీఎన్‌డీ పెట్టుకుంటే మామూలు ఇంటికి చాలు.

నంబరు మొదలును బట్టి కూడా కొంత తెలుస్తుంది. 140తో మొదలైతే అది ప్రచారమే, ఎత్తకపోయినా కొంపలేం మునగవు. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ సంస్థలు తమ ఖాతాదారులకి చేసే కాల్స్ కోసం 1600 సిరీస్ కేటాయించారు. "బ్యాంకు నుంచి" అంటూ మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిందంటే అక్కడే అనుమానపడొచ్చు. ఎస్సెమ్మెస్‌లకీ ఇలాంటి గుర్తే ఉంది. పంపినవారి పేరు చివర అడ్డగీత తర్వాత ఇంగ్లీషు పి ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సర్వీసు, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. అయితే 1600 నుంచి వచ్చినా సరే, ఓటీపీ చెప్పమంటే చెప్పకూడదు.

కరెంటు కట్ అవుతుందన్న మెసేజ్

ఇది మన వైపు బాగా తిరిగింది, ఇంకా తిరుగుతూనే ఉంది. సత్యనారాయణపురంలో మా పిన్నికి వచ్చిన మెసేజ్ ఇలా ఉంది: "డియర్ కన్జ్యూమర్, మీ గత నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేయబడుతుంది. వెంటనే మా ఎలక్ట్రిసిటీ ఆఫీసర్‌ని సంప్రదించండి." కింద ఒక మొబైల్ నంబరు.

ఇందులో ఉన్నవాటికన్నా లేనివే చూడాలి. సర్వీసు నంబరు లేదు. బిల్లు ఎంతో లేదు. ఏ నెలదో లేదు. మన కరెంటు సంస్థ సీపీడీసీఎల్ అన్న మాటే లేదు, ఉత్త "ఎలక్ట్రిసిటీ ఆఫీసర్" అని ఉంది, ఎందుకంటే అదే మెసేజ్ విశాఖకీ వెళ్లాలి, నాగపూర్‌కీ వెళ్లాలి. ఇక రాత్రి 9.30 అన్నది ఊరికే పెట్టిన టైము కాదు. ఆ వేళకి బిల్లు కౌంటర్ మూసేసి ఉంటుంది, కనుక్కుందామన్నా మనిషి దొరకడు. ఎండాకాలంలో ఫ్యాన్ ఆగిపోతుందన్న భయం సరేసరి.

పిన్ని ఆ నంబరుకి చేయనే చేసింది.

"బిల్లు కట్టేశాను బాబూ, రసీదు కూడా ఉంది."

"కట్టారు మేడమ్, మేమూ చూశాం. సిస్టమ్‌లో ఎక్కలేదు. పది రూపాయలు కడితే ఎక్కిపోతుంది. యాప్ పంపిస్తున్నా, వేసుకోండి."

"సరే, మా లైన్‌మన్‌ని ఒక మాట అడిగి చేస్తాను."

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. ఇక్కడ పది రూపాయలే అసలు వల. లక్ష అడిగితే ఎవరైనా జాగ్రత్తపడతారు, పదికి ఎవరూ ఆలోచించరు. వాడికి కావలసింది ఆ పది కాదు, ఆ యాప్ మన ఫోన్‌లోకి రావడం. అది తెరను వాడికి చూపించే యాప్ కావచ్చు, మన మెసేజ్‌లు చదివే ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి నేరుగా వేసుకునే యాప్) కావచ్చు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ అంటూ వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు కూడా ఈ బాపతే. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. యాప్‌గా వచ్చే శుభలేఖ ఉండదు.

ఇలాంటప్పుడు నిజమో కాదో తేల్చుకోవడానికి మనవాళ్లు మామూలుగా మూడు పనులు చేస్తారు. మెసేజ్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేస్తారు, గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతుకుతారు, లేదా చేతిలో ఉన్న పాత కాగితం చూస్తారు. మొదటిది దొంగని అడిగి దొంగతనం జరిగిందా అని తేల్చుకోవడమే. రెండోది మేలనిపిస్తుంది గానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది. వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లలో కేటుగాళ్లు పెట్టినవీ ఉంటాయి, మనమే చేశాం కాబట్టి అనుమానం కూడా రాదు. మూడోదే సరైనది. కరెంటు అయితే బిల్లు మీద ఉన్న నంబరు, లేదా 1912. బ్యాంకు అయితే కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉన్న నంబరు. గ్యాస్ అయితే బుక్ మీద ఉన్నది.

పోలీసులమంటూ భయపెడితే

పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, మీ ఆధార్‌తో ముంబైలో ఖాతా తెరిచారంటారు, ఆ తర్వాత వాట్సాప్ వీడియోలో యూనిఫాం వేసుకున్నవాడు కూర్చుని, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశామంటాడు. డిజిటల్ అరెస్ట్ అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధానే ఈ మాట చెప్పారు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అదే ఏడాది జనవరిలో, నిందితులు హాజరు కావాలంటూ పోలీసులిచ్చే నోటీసులు వాట్సాప్‌లో ఇవ్వడం చెల్లదని కూడా చెప్పింది. మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి అంటూ ట్రాయ్ పేరుతో వచ్చే రికార్డెడ్ కాల్ కూడా ఈ నాటకంలో మొదటి అంకమే. ట్రాయ్ అలా ఎవరికీ ఫోన్ చేయదు.

ఈ కాల్ వచ్చినప్పుడు కొందరు వాదిస్తారు, కొందరు యూట్యూబ్‌లో చూసినట్టు వాణ్నే ఆటపట్టించాలని చూస్తారు, కొందరు కట్ చేస్తారు. ఆటపట్టించడం చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ నేను ఎవరికీ చెప్పను. మాట్లాడేకొద్దీ మన పేరు, ఊరు, ఏ బ్యాంకో ఏదో ఒకటి జారుతుంది, వీడియో ఆన్ చేస్తే మొహం కూడా ఇచ్చినట్టే. కట్ చేసి బ్లాక్ చేయడమే. మనసు ఊరుకోకపోతే మీ వీధి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అడగండి. ఈ ముఠాలు బాధితులకి మొట్టమొదట చెప్పేది "ఎవరికీ చెప్పొద్దు, గది తలుపేసుకోండి" అని. వాళ్లు వద్దన్న ఆ పనే చేయాలి: పక్కింటివాళ్లకి చెప్పండి, కొడుక్కో కూతురికో ఫోన్ కొట్టండి.

డబ్బు పోలేదు, కానీ వాణ్ని వదలాలని లేదు

అప్పుడు చక్షు. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో 2024 మార్చిలో వచ్చిన సదుపాయం ఇది. అనుమానాస్పద కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్‌తో సహా ఇక్కడ పెట్టొచ్చు, గడిచిన ముప్పై రోజుల్లో వచ్చినదైతే చాలు. దీని పని ఆ నంబరుని వెరిఫై చేసి మూయించడం. డబ్బు వెనక్కి తేవడం దీని పని కాదు, ఆ మాట ఆ పేజీలోనే రాసి ఉంటుంది. అయినా డబ్బు పోగొట్టుకున్నవాళ్లు కంగారులో ఇక్కడ ఫారం నింపుతూ కూర్చుంటారు. విలువైన అరగంట అలా పోతుంది.

వాట్సాప్‌లో వచ్చినదైతే రిపోర్ట్ అండ్ బ్లాక్ నొక్కడం ఇంకా తేలిక. ఆ చాట్‌లోని చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కి వెళతాయి. తీరిక లేనివాళ్లు ఇదొక్కటి చేసినా మేలే. కాకపోతే చెరిపేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

సంచార్ సాథీ యాప్ వేసుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. 2025 చివర్లో కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేసి అమ్మాలని ప్రభుత్వం ఆదేశించి, గొడవ అయ్యాక వెనక్కి తీసుకుంది, అప్పటి నుంచి అనుమానం మిగిలింది. మీకు ఇబ్బంది అనిపిస్తే యాప్ వేయకండి, వెబ్‌సైట్‌లోనూ పని జరుగుతుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకునే వీలు కూడా అక్కడే ఉంది. మీకు తెలియని నంబరు కనిపిస్తే నాది కాదు అని పెట్టేయొచ్చు. ఈ పని మాత్రం ప్రతి ఒక్కరూ చేయదగ్గదే.

డబ్బు పోయింది

ఈ పరిస్థితిలో మనవాళ్లు వెళ్లే దారులు మూడు: బ్యాంకు బ్రాంచి, పోలీస్ స్టేషన్, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఎక్కువమంది బ్రాంచికి పరిగెత్తుతారు. అది శనివారం సాయంత్రమైతే సోమవారం దాకా ఆగుతారు. అంతకన్నా పొరపాటు లేదు.

1930 ఎందుకు ముందో తెలియాలంటే అది ఎలా పనిచేస్తుందో చూడాలి. అది ఉత్త ఫిర్యాదుల నంబరు కాదు. కేంద్ర హోంశాఖ 2021లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటులో బ్యాంకులు, వాలెట్ కంపెనీలు, రాష్ట్రాల పోలీసులు ఒకే వ్యవస్థలో ఉంటారు. మీరు చెప్పిన లావాదేవీ వివరం ఎక్కించగానే డబ్బు చేరిన బ్యాంకుకి కబురు వెళుతుంది. ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే అక్కడికక్కడే హోల్డ్‌లో పెడతారు. అక్కడి నుంచి వేరే బ్యాంకుకి మారిపోయి ఉంటే కబురు ఆ బ్యాంకుకి పోతుంది. అలా డబ్బు వెనకే వెంటాడుతుంది. ఎవరో ఏటీఎంలో డ్రా చేసేశారంటే వేట అక్కడితో ఆగినట్టే. అందుకే మొదటి గంటని గోల్డెన్ అవర్ అంటారు. బ్రాంచి మేనేజరు ఎంత మంచివాడైనా వేరే రాష్ట్రంలోని వేరే బ్యాంకు ఖాతాని ఆ క్షణంలో ఆపించలేడు.

కాబట్టి నా వరస ఇది. ముందు 1930కి ఫోన్. ఇంట్లో రెండో ఫోన్ ఉంటే అదే సమయంలో బ్యాంకు వారి నంబరుకి ఇంకొకరు చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించాలి. 1930 లైను బిజీగా ఉంటే కాచుకుని కూర్చోకుండా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టేయండి, రెండూ చేరేది ఒకచోటికే. ఫోన్ చేసేటప్పుడు దగ్గర పెట్టుకోవాల్సినవి: డబ్బు పోయిన ఖాతా నంబరు, ఎంత, ఏ టైముకి, ఎవరి యూపీఐ ఐడీకి లేదా ఖాతాకి, అన్నిటికన్నా ముఖ్యం యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు సంఖ్య. ఫోన్‌పే, గూగుల్ పేలో ఆ లావాదేవీ మీద నొక్కితే పన్నెండంకెలది కనిపిస్తుంది. ఫోన్ పెట్టేశాక ఒక నంబరుతో మెసేజ్ వస్తుంది. దాంతో 24 గంటల్లోపు పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి. చాలామంది ఫోన్ చేయడంతో పని అయిపోయిందనుకుంటారు.

ఆ తర్వాతే స్టేషన్. విజయవాడలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ విడిగా ఉంది, మీ దగ్గరి స్టేషన్‌కీ వెళ్లొచ్చు. ప్రకాశం బ్యారేజీకి అటూ ఇటూ పనిచేసేవాళ్లకి ఒక తికమక ఉంటుంది. ఇల్లు తాడేపల్లిలో, అంటే గుంటూరు జిల్లా పోలీసుల కింద. డబ్బు పోయింది గవర్నర్‌పేట ఆఫీసులో కూర్చుని ఉండగా, అంటే ఎన్టీఆర్ కమిషనరేట్ కింద. ఎవరైనా మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు. సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం పరిధితో సంబంధం లేకుండా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు.

బ్యాంకుకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవడం ఎందుకంటే, నష్టం ఎవరు భరించాలన్న లెక్క దాని మీదే నడుస్తుంది. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోయి, మూడు పని దినాల్లో చెబితే మీ మీద భారం పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మీదే, చెప్పాక పోయినది బ్యాంకుది. అంటే తప్పు మనదే అయినా ఎంత త్వరగా చెబితే అంత నయం. సిగ్గుపడి దాచుకోవడానికి మించిన ఖరీదైన పని ఇంకోటి లేదు.

హోల్డ్‌లో పడిన డబ్బు పెద్ద మొత్తమైతే చేతికి రావడానికి సాధారణంగా కోర్టు ఆదేశం కావాలి, కొంత తిరుగుడు తప్పదు. ఈ ఆలస్యం చూసి రెండో ముఠా దిగుతుంది: "మీ డబ్బు మేం తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అంటుంది. అదీ మోసమే. ఒకసారి దొరికినవాడు రెండోసారీ దొరుకుతాడని వాళ్ల లెక్క.

డబ్బు ఇంకా పోలేదు గానీ ఏపీకే వేసేశాం అంటే, ముందు ఫ్లైట్ మోడ్ పెట్టాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పాలి. యాప్ తీసేస్తే సరిపోతుందా, ఫోన్ మొత్తం రీసెట్ కొట్టాలా అంటే నేను రీసెట్‌కే ఓటేస్తాను. ఇలాంటి యాప్‌లు ఐకాన్ దాచేసుకుని లోపల ఉండిపోగలవు. ఫొటోలు పోతాయని బాధపడేవాళ్లు వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని కొట్టండి.

మెయిల్స్, ఉత్తరాలు

జీమెయిల్‌లో నాలుగు మీటలు కనిపిస్తాయి, వాటి మధ్య తేడా చాలామందికి పట్టదు. ఎప్పుడో మీరే బట్టలు కొన్న షాపు రోజూ ఆఫర్లు పంపుతుంటే అన్‌సబ్‌స్క్రైబ్. మీకు అసలు తెలియని చోటి నుంచి వస్తే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కకండి, మెయిల్ లోపలి లింకు నొక్కితే ఇక్కడ మనిషి ఉన్నాడని వాడికి తెలుస్తుంది. దానికి రిపోర్ట్ స్పామ్. బ్యాంకులాగో ఇన్‌కం ట్యాక్స్‌లాగో వేషం వేసుకుని వస్తే కంప్యూటర్‌లో మూడు చుక్కల దగ్గర రిపోర్ట్ ఫిషింగ్ ఉంటుంది, అది. బ్లాక్ వల్ల పెద్ద లాభం లేదు, రేపు ఇంకో అడ్రస్ నుంచి పంపుతాడు.

బ్యాంకు వెబ్‌సైట్లని గుర్తుపట్టడం ఇప్పుడు సులువైంది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025 అక్టోబరు ఆఖరులోపు బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అన్న చిరునామాకి మారాల్సి వచ్చింది. ఆ పేరు బయటివాళ్లకి అమ్మరు. లింకులో అసలు పేరు అలా ముగియకుండా ఇంకేదో ఉంటే లోపలికి వెళ్లక్కర్లేదు. రిటర్నులు వేసే రోజుల్లో "మీకు రిఫండ్ వచ్చింది, ఖాతా వివరాలివ్వండి" అన్న మెయిల్స్ జోరుగా వస్తాయి. నిజమైన రిఫండ్ మీరు పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసిన ఖాతాకి పడుతుంది. మెయిల్‌లో ఎవరూ పిన్ అడగరు.

గుంటూరు మిర్చి వ్యాపారంలో ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. బయటి దేశాలకి సరుకు పంపే చోట బేరమంతా మెయిల్స్‌లోనే నడుస్తుంది. కొన్నాళ్లుగా మీకు తెలిసిన పార్టీ పేరుతోనే మెయిల్ వస్తుంది: "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి పేమెంట్ ఇందులో వేయండి." ఇన్‌వాయిస్ అచ్చం పాతదానిలాగే ఉంటుంది, సరుకు లెక్క కూడా సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఎవరో మధ్యలో ఆ మెయిల్ పెట్టెలోకి దూరి అన్నీ చదివారు. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది కదా. ఆ మెయిల్‌కి తిరిగి జవాబు రాసి కనుక్కోవడం వృథా, జవాబిచ్చేది వాడే. పాత ఫోన్ నంబరుకి చేసి గొంతు విని తేల్చుకోవాలి. కొట్లో గుమస్తా ఒక్కడే పేమెంట్ వేసే పద్ధతి ఉంటే, ఖాతా మారినప్పుడైనా రెండో మనిషి చూడాలన్న నియమం పెట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ కన్నా చవక.

పోస్టులో వచ్చే స్క్రాచ్ కార్డుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గీకితే కారో, లక్షలో తగులుతుంది, తర్వాత జీఎస్టీ కట్టమంటారు. ఇలా కార్డు పంపి, బహుమతికి ముందుగా పన్ను కట్టమనేవాడు దొంగే.

అమ్మానాన్నల ఫోన్

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో, పెద్దవాళ్లు బ్రాడీపేటలోనో పటమటలోనో. ఈ ఇళ్లకి ఏది సరిపడుతుందన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. స్మార్ట్‌ఫోన్ తీసేసి కీప్యాడ్ ఫోన్ ఇచ్చేద్దామంటారు కొందరు. మనవల మొహం వీడియోలో చూసే సుఖం కూడా తీసేసినట్టవుతుంది, నాకు నచ్చదు. ఇంకొందరు తెలియని నంబర్లన్నీ మోగకుండా చేస్తారు. కానీ డాక్టరు గారి క్లినిక్ నుంచో, గ్యాస్ కుర్రాడి నుంచో వచ్చే కాల్ కూడా పోతుంది. వాట్సాప్‌లో మాత్రం సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయడంలో నష్టమేం లేదు. డిజిటల్ అరెస్ట్ నాటకం ఎక్కువగా నడిచేది అక్కడే.

అసలు రక్షణ కాల్స్ దగ్గర కాదు, ఖాతాల దగ్గర పెట్టాలి. పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్న ఖాతాకి యూపీఐ కలపకండి. కూరగాయలకి, మందులకి వేరే చిన్న ఖాతా ఒకటి తెరిచి, నెలకి కావలసినంత అందులో వేసి, దానికే యూపీఐ పెట్టండి. ఇంత చేసినా మోసం జరగొచ్చు, కానీ పోయేది ఆ నెల ఖర్చే. దీనికి పోటీగా ఉన్నది 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్. ఇందులో ఖాతా పిల్లలది, చెల్లింపు చేసేది పెద్దవాళ్లు. ప్రతి చెల్లింపూ మీరు ఓకే చేసే పద్ధతి ఒకటుంది. నెలకి 15,000 దాకా, ఒక్కోసారి 5,000 మించకుండా వదిలేసే పద్ధతి ఇంకొకటి. రెండోదే వాడమంటాను. మీరు అమెరికాలో నిద్రపోతుంటే ఇక్కడ మందుల షాపులో అమ్మ ఓకే కోసం నిలబడాలి కదా. సొంత డబ్బు ఉన్న నాన్నలు కొందరికి "నా డబ్బు ఖర్చు పెట్టడానికి నిన్నడగాలా" అని చిన్నతనంగా ఉంటుంది, వాళ్లకి చిన్న ఖాతా పద్ధతే మర్యాద.

యూపీఐ పిన్ గురించి ఒక్కటి పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, పోవడానికే కావాలి. ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి డబ్బు పంపమని రిక్వెస్ట్ పెట్టే పద్ధతిని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరులో తీసేసింది కాబట్టి ఆ బెడద తగ్గింది, క్యూఆర్ పంపి స్కాన్ చేయమనేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. ఆ కాగితం మీదే 1930, బ్యాంకు నంబరు, 1912, పక్క ఫ్లాట్‌వాళ్ల నంబరు కూడా రాయండి. ఫోన్‌లో సేవ్ చేసినవి ఆ కంగారులో వెతుక్కోలేరు.